గుమ్మడి ఇచ్చిన జీతాలు

ప్రియమైన పిన్నిగారూ,

ఫోన్ చేస్తే మీకు సగమే వినబడుతుంది. వినబడని సగానికి కూడా "ఆఁ, ఆఁ, సరేనమ్మా" అనేస్తారు. అందుకే ఈ ఉత్తరం. నేను చేసిచ్చిన కళ్ళజోడు సొరుగులో దాచకుండా పెట్టుకుని, తీరిగ్గా చదువుకోండి.

మీరు మా ఇంట్లో పని మానేసి మీ తమ్ముడుగారి ఊరు వెళ్ళినప్పట్నుంచీ ఇక్కడ రాజ్యమంతా మా ఆయనది. ప్రెస్సులో బైండింగు పని పడిపోయింది కదా, వారంలో సగం రోజులు ఇంట్లోనే ఉంటున్నారు. పాలు పొంగించడం ఆయన వంతు, పొయ్యి తుడవడం నా వంతు. మీరు గుమ్మడి అని పిలిచే మా చిన్నాడికి చొక్కా తిరగేసి తొడుగుతారు. ఐదేళ్ళవాడు, వాడికేం పట్టింది, అలాగే బడికి పోతాడు. మీరు దొరసాని అని పేరు పెట్టిన మా పెద్దది మాత్రం ఎనిమిదేళ్ళకే తండ్రినీ తమ్ముణ్ణీ అజమాయిషీ చేస్తోంది. మీరు దాన్ని నెలల పిల్లప్పుడు ఎత్తుకున్నారు, ఇప్పుడు చూడాలి దాని నోరు.

ఇంట్లో ఉన్న మనిషి ఊరుకుంటారా? పిల్లలకి డబ్బు విలువ నేర్పాలని కూర్చున్నారు. అడిగినవన్నీ కొనిపెట్టే రోజులు పోయాయి, ఎందుకు కొనడం లేదో వాళ్ళకి తెలియాలి, అందుకని చిన్న చిన్న పనులు అప్పగించి ఆదివారం జీతం ఇద్దామన్నారు. నాకూ బాగానే అనిపించింది. దొరసానికి మేజోళ్ళు జత కలిపే పని, గుమ్మడికి చెప్పులు సర్దే పని. ఆదివారం పొద్దున ఆయన భోజనాల బల్ల దగ్గర కూర్చుని, అచ్చం ప్రెస్సులో పిలిచినట్టు "జీతాలూ!" అని కేక పెడతారు. దొరసాని సంతకం చేస్తుంది. గుమ్మడికి సంతకం రాదు కదా, స్టాంపు సిరాలో వేలు ముంచి ముద్ర వేస్తాడు. తర్వాత ఆ వేలు గోడకి తుడుస్తాడు. గోడ సంగతి మీకు రాయను, మీరు చూస్తే నన్ను చంపేస్తారు.

డబ్బులు చేతిలో పెట్టేటప్పుడు ఆయన చిన్న ఉపన్యాసం కూడా ఇస్తారు. "పని చేసినవాళ్ళకి డబ్బు టైముకి ఇచ్చెయ్యాలి. ఇవ్వకపోతే మనిషి నిలబడడు, వెళ్ళిపోతాడు." ఇది పిల్లలకి కాదు, ప్రెస్సు యజమానికి చెప్పాల్సిన మాట. అక్కడ చెప్పలేక ఇక్కడ చెబుతున్నారని నాకు తెలుసు. పోనీలే అని వింటున్నాను.

అసలు సంగతికొస్తాను. మా ఇంట్లో చిల్లర తిరుగుతోంది పిన్నిగారూ. దొంగతనం కాదు, దానికి తలకిందుల వ్యవహారం. మొన్న కళ్ళజోళ్ళ దుకాణంలో మధ్యాహ్నం అన్నం డబ్బా తీస్తే చెంచా కింద ఒక బిళ్ళ. ఆయన పరధ్యానంలో పడేశారేమో అనుకున్నాను. మర్నాడు నా చెప్పులో ఇంకో బిళ్ళ. ఆయన్నడిగితే, "నా చొక్కా జేబులో కూడా వస్తున్నాయి, నువ్వు పెడుతున్నావేమో, అడిగితే చిన్నబుచ్చుకుంటావని ఊరుకున్నాను" అన్నారు. ప్రెస్సులో పని సరిగా లేని మగాడికి పెళ్ళాం జాలిపడి జేబులో చిల్లర వేస్తోందనుకున్నారట! ఒక పూటంతా ఆయన నాతో ముభావంగా ఉన్నది ఇందుకా అని అప్పుడర్థమైంది. దొరసానిని అడిగితే, తన పెన్సిల్ డబ్బాలో కూడా దొరికిందనీ, దొరికినవాళ్ళదే కదా అని దాచుకున్నాననీ చెప్పింది. నిమ్మకు నీరెత్తినట్టు చెప్పింది. గుమ్మడిని అడిగితే, "ఏమో" అని బల్లకింద దూరాడు.

ఇంకొకటి, ఇది మరీ వింత. నేను ఇంట్లో గట్టిగా అరిచిన మర్నాడు ఒకటికి రెండు బిళ్ళలు ఉంటున్నాయి. నిజంగా! నాకేమైనా పిచ్చి పడుతోందా అనిపిస్తోంది. మీరు ఇన్నేళ్ళు వీళ్ళని పెంచారు, వీళ్ళ బుర్రలు నాకన్నా మీకు బాగా తెలుసు. ఏమైనా తోస్తే రాయండి.

మీరెందుకు రావడం లేదని పిల్లలు అడిగారు. పిల్లలకి అబద్ధాలు చెప్పకూడదని ఆయనా నేనూ అనుకున్నాం కదా, అందుకని ఉన్నదున్నట్టు చెప్పేశాం. మామ్మకి మనం జీతం ఇచ్చేవాళ్ళం, ఇప్పుడు ఇవ్వలేకపోతున్నాం, అందుకని ఆవిడ వేరేచోట పని చూసుకున్నారు అని. బాగానే అర్థం చేసుకున్నారు. పెద్దగా ఏడవలేదు కూడా.

ఉంటాను,
మీ అమ్మాయి

*

పిన్నిగారూ,

మీ జవాబు రాకముందే ఇది రాస్తున్నాను. రాయకపోతే నాకు అన్నం సహించేలా లేదు.

చిల్లర ఎవరిదో తెలిసిపోయింది. శనివారం పొద్దున నేను దుకాణానికి బయల్దేరుతుంటే గుమ్మడి గుమ్మంలో అడ్డం పడ్డాడు. మామూలు పేచీ కాదు. నా కాళ్ళు వాటేసుకుని, ముఖం ఎర్రగా చేసుకుని, ఎక్కిళ్ళు పెడుతూ ఒకటే మాట. "ఇవాళ అయిపోయాయమ్మా. ఇవాళ్టికి అప్పు పెట్టుకో. రేపు నాన్న ఇవ్వగానే ఇచ్చేస్తాను. వెళ్ళిపోకమ్మా!" అంటాడు. ఏం అయిపోయాయిరా అంటే అరచేతులు చాపి చూపించాడు. ఖాళీ. వేలికి ఇంకా సిరా మరక.

వాణ్ణి పక్కన కూచోబెట్టి, ముక్కు తుడిచి, బుజ్జగిస్తే అప్పుడు చెప్పాడు. మామ్మకి డబ్బులివ్వకపోతే వెళ్ళిపోయిందట. ఇంట్లో అమ్మకి ఎవరూ ఇవ్వడం లేదట. నాన్నకీ ఇవ్వడం లేదట, అక్కకి వచ్చేది చాలదేమోనట. టైముకి ఇవ్వకపోతే మనిషి నిలబడడని నాన్నే అన్నాడట. అందుకని వాడొక్కడే, ఆదివారం వచ్చిన బిళ్ళలన్నీ మా అందరికీ పంచుతున్నాడు. మరి రెండేసి ఎందుకు పెట్టావురా అని అడిగాను. "నువ్వు కోపంగా ఉన్నప్పుడు ఎక్కువ ఇవ్వాలిగా" అన్నాడు. పిన్నిగారూ, ఆ మాటకి నా గుండె చెరువైపోయింది. ఇంకేం రాయను.

అంతటితో అయిందా? వెనక నుంచి దొరసాని వచ్చి, చేతులు కట్టుకుని నిలబడి, పెద్ద ఆరిందాలా చెప్పింది. "ఒరేయ్, ఏడవకు. ఇంట్లో అమ్మకి జీతం లేదు, అమ్మ ఎక్కడికీ పోదు. జీతం ఉన్నది మామ్మకే. మామ్మ మనల్ని ఎత్తుకున్నదీ, అన్నం పెట్టిందీ అన్నీ జీతానికే. ఊరికే చెయ్యలేదు." దాని గొంతు అంత గట్టిగా ఎప్పుడూ వినలేదు నేను. మీరు అల్లిచ్చిన పచ్చ స్వెట్టరు వారం నుంచీ వేసుకోవడం లేదు. చలికి వణుకుతూ బడికి పోతోంది గానీ అది తొడుక్కోమంటే ససేమిరా అంటోంది. బిగుతైందేమో అనుకున్నానే తప్ప నా మట్టిబుర్రకి తట్టలేదు. పెద్దగా ఏడవలేదని మీకు రాశాను చూడండి. ఏడిస్తేనే నయం.

మామ్మకి మీ ఇద్దరంటే చాలా ప్రేమరా అని పిల్లలకి చెప్పాను. "మరి ఎందుకు వెళ్ళిపోయింది?" అన్నాడు గుమ్మడి. డబ్బులు లేక నాన్నా అన్నాను. "అయితే ప్రేమ చాల్లేదా?" అన్నాడు. వాడు వెటకారంగా అనలేదు. చెప్పులు ఎన్ని ఉన్నాయో అడిగినట్టే అడిగాడు.  ప్రేమ వేరు, పని వేరు అని చెబితే దొరసాని గెలిచినట్టు. రెండూ ఒకటే అని చెబితే గుమ్మడి బిళ్ళలు పెట్టడం న్యాయమే. ఏది చెప్పినా తప్పే అవుతోంది. మా ఆయన్ని పిలిచి "మీరు మొదలుపెట్టిన చదువే, మీరే చెప్పండి" అన్నాను. ఆయన తల గోక్కుని, "నాకూ అర్థం కావడం లేదే" అని పాలు చూడ్డానికి వెళ్ళారు. పాలు లేవు పొయ్యి మీద.

దుకాణానికి ఆలస్యంగా వెళ్ళి అద్దాలు అరగదీయడానికి కూర్చున్నాను. ఫ్రేముకి సరిపోయేలా అంచు కొద్దికొద్దిగా అరగదీయాలి. మనసు అక్కడ లేక ఒక ముసలాయన అద్దం ఎక్కువ అరగదీసేశాను. ఫ్రేములో పెడితే జారి కిందపడింది. యజమాని ఇంకోటి తెప్పిద్దాంలే అన్నారు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది, ఏడవడానికి ఒక వంక దొరికేది.

పిల్లల సంగతి సరే. మిమ్మల్ని అడగాల్సింది నాకే ఒకటుంది. ఇది మనసులో పెట్టుకునే మొదటి ఉత్తరం రాశాను, రాయలేక పాలూ గోడలూ రాశాను. మీరు వెళ్ళేరోజు నేను కవరు చేతిలో పెడితే, గుమ్మంలోనే నిలబడి, వేలు తడిచేసుకుని నోట్లు లెక్కపెట్టారు. ఒకసారి కాదు, రెండుసార్లు. పిల్లలిద్దరూ పక్కనే ఉన్నారు. గుమ్మడి మీ కొంగు పట్టుకుని ఉన్నాడు. లెక్క సరిపోయాక కవరు సంచిలో పెట్టుకుని, వాడి చేతిలోంచి కొంగు లాక్కుని, "వస్తానమ్మాయ్" అని మెట్లు దిగిపోయారు. వెనక్కి తిరగలేదు. నేను బాల్కనీలోకి పరిగెత్తి చూశాను కూడా. మలుపు దాకా తిరగలేదు.

మా అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. పురుడయ్యాక నాకు తల దువ్వింది మీరే. నాకు జ్వరమొస్తే పక్కన కూర్చున్నదీ మీరే. ఆ రోజు ఆ నోట్లు లెక్కపెట్టడం చూశాక ఇదంతా ఏమిటో నాకు తెలియకుండా పోయింది. మీరు పనికి వచ్చిన మనిషి, జీతం లెక్క చూసుకోవడం మీ హక్కు, అది నాకు తెలుసు. తెలిసీ బాధపడుతున్నాను. దొరసాని అన్న మాటకి దాన్ని కసిరాను గానీ, ఆ మాట ముందు నా మనసులోనే పుట్టిందేమో, నా మొహం చూసే అది నేర్చుకుందేమో అని భయంగా ఉంది.

అందుకని అడుగుతున్నాను. కోపం తెచ్చుకోండి, ఫర్వాలేదు, కానీ నిజం రాయండి. మేమంటే మీకు ప్రేమా? లేక అదంతా జీతంలో భాగమా? నాకు తెలిస్తేనే కదా పిల్లలకి చెప్పేది.

మీ
అమ్మాయి అనే రాసుకుంటున్నాను, మీకు అభ్యంతరం లేకపోతే

*

అమ్మాయ్,

నీ ఉత్తరాలు రెండూ చేరాయి. మొదటిది చదివి నవ్వుకున్నాను. జవాబు రాద్దామనుకుంటూనే బద్ధకించాను. రెండోది చదివాక నీ మీద ఒళ్ళు మండింది. అప్పుడే రాసి ఉంటే బూతులు పడేవి. రెండు రోజులు ఆగి, ఇప్పుడు రాస్తున్నాను.

నేను ఇక్కడ ఒక పెద్దాయనకి తోడుగా ఉంటున్నాను. పిల్లలకన్నా ముసలివాళ్ళు నయం అనుకున్నా. ఒట్టి మాట. మందు మింగమంటే నాలుక కింద దాస్తాడు, గుమ్మడి ఎంతో మేలు.

అడిగావు గనక చెబుతున్నా. మీ ఇంటికి నేను జీతం కోసమే వచ్చాను. ప్రేమ కోసం ఎవరైనా తెలియని వాళ్ళింటి తలుపు కొడతారా? దొరసాని ఏడుపు విని రెండో రోజే మానేద్దామనుకున్నాను, గొంతు కాదది, సైరను. జీతం అవసరం కాబట్టి మూడో రోజు వచ్చాను. అలా వస్తూ వస్తూ ఎప్పుడేమైందో నాకు తెలీదు. సాయంత్రం నువ్వొచ్చి చెప్పులు విడిస్తే నా పని అయిపోయినట్టే కదా. అయినా రోజూ గుమ్మడి నిద్రపోయేదాకా నీ ఇంట్లో ఏం చేశాననుకున్నావ్? బస్సు లేకనా? నా బస్సు మీ వీధి చివర నుంచి ఎప్పుడూ పోతూనే ఉంటుంది. ఆ వేళకి నాకు నువ్వు ఇచ్చిందీ లేదు, నేను అడిగిందీ లేదు. దీన్ని ప్రేమ అంటారో, ఇంటికి పోతే ఎవరూ లేకపోవడం అంటారో నువ్వే చెప్పు. నేను చెప్పలేను.

ఇక నోట్లు. లెక్కపెట్టాను, నిజమే. ఎందుకో విను. నువ్వు జాలి గుండెదానివి. పోయేటప్పుడు కవర్లో ఒక నోటు ఎక్కువ పెట్టి ఉంటావేమోనని నాకు భయం. అల్లుడికి పని లేదు, మీరే ఇబ్బందిలో ఉన్నారు, అయినా పెడతావని భయం. ఒక్క నోటు ఎక్కువున్నా నేను అక్కడే మీ గుమ్మంలో కూలబడి ఏడ్చేసేదాన్ని అమ్మాయ్. మీ కష్టంలో నాకు దానం చేశావన్నమాట, నేను దానం పుచ్చుకునేదాన్ని అన్నమాట. ఒకసారి లెక్కపెట్టాను, సరిపోయింది. నమ్మకం లేక మళ్ళీ లెక్కపెట్టాను. సరిగ్గా ఉంది. హమ్మయ్య, నన్ను పని చేసిన మనిషిగానే పంపిస్తోంది అనుకుని గబగబా దిగిపోయాను. వెనక్కి తిరిగితే నా మొహం నీకు కనబడుతుంది. కనబడకూడదు. నువ్వు బాధపడ్డావని ఇప్పుడు తెలిసింది. నేను చెప్పలేదు, నువ్వు అడగలేదు, ఏం మనుషులమో!

నువ్వొకటి అడిగావు, నేనూ ఒకటి అడుగుతాను. మీ ఇంట్లో నేను ఇన్నేళ్ళున్నాను. ఒక్కరోజైనా మీ హాల్లో సోఫాలో కూర్చున్నానా? పిల్లల పుట్టినరోజులకి నువ్వు కేకు ముక్క వంటింట్లోకి తెచ్చి నాకు నోట్లో పెట్టేదానివి. ప్రేమగానే పెట్టేదానివి, కాదనను. హాల్లోకి రండి పిన్నిగారూ అని పిలిచేదానివి కూడా, నేను ఫర్వాలేదమ్మా అనేదాన్ని, నువ్వు వెళ్ళిపోయేదానివి. ఇంకోసారి పిలిస్తే వచ్చేదాన్నేమో. నీది తప్పు అనడం లేదు. రావాలని నాకు ఉన్నా నేను రాలేదు. నువ్వు అడిగిన ప్రశ్నకి సగం జవాబు నీ దగ్గరుందని చెబుతున్నా, అంతే.

పిల్లలకి నువ్వు అబద్ధం చెప్పలేదు. మామ్మ ఊరికే పనిచేసేదని చెబితే నేను ఒప్పుకోను. చేసిన పనికి తీసుకున్నాను, ఇప్పుడు పిలిచినా జీతం లేకుండా పనికి రాను. గుమ్మడికి ఆ మాట చెప్పు, తప్పులేదు. మిగిలింది ఎలా చెప్పాలో నాకూ తెలియడం లేదు. అందుకే ఒకటి అనుకున్నాను. వచ్చే ఆదివారం పెద్దాయన కూతురు వస్తుంది, నాకు సెలవు. బస్సెక్కి మీ ఇంటికి వస్తాను. పనికి కాదు, చుట్టంగా. అంట్లు నువ్వు తోముకో. నేను చేతులు ఊపుకుంటూ వచ్చి, కూర్చుని, పెట్టింది తిని పోతాను. జీతం లేకుండా మీ ఇంట్లో నేను ఏమిటో, మీరు నాకు ఏమిటో చూద్దాం.

నాకూ భయంగానే ఉందమ్మాయ్. చుట్టరికం ఎలా చెయ్యాలో మరిచిపోయాను. వంటింట్లోకి నడిచి వెళ్ళిపోతానేమో, పోనివ్వకండి.

దొరసానికి ఏమీ చెప్పకు. దాని కోపం నా మీద. నేను పడతాను.

మీ అందరి
మామ్మ

*

పిన్నిగారూ,

క్షేమంగా చేరారని మీ తమ్ముడుగారు ఫోన్లో చెప్పారు. మీరు ఉన్నంతసేపూ జరిగింది మీకు తెలుసు. సోఫా అంచున, బస్సులో చివరి సీటు దొరికినట్టు కూర్చున్నారు. మూడుసార్లు లేచి వంటింటి వైపు నడిచారు, మూడుసార్లూ మా ఆయన గుమ్మంలో చేతులు చాపి ఆపారు. ఆయన చేసిన కూర మాడితే "బాగుంది నాయనా" అన్నారు. అది చాలు, మీరు నిజంగానే చుట్టంగా వచ్చారని నాకు నమ్మకం కుదిరింది. పనికి వచ్చే రోజుల్లో అయితే గిన్నె ఆయన నెత్తిన పెట్టేవారు.

మీరు వెళ్ళాక జరిగింది రాయాలని ఈ ఉత్తరం. మీరు మలుపు దగ్గర వెనక్కి తిరిగి చెయ్యి ఊపారు కదా, అప్పుడు గుమ్మడి నా నడుం పట్టుకుని ఉన్నాడు. మీరు కనబడకుండా పోగానే వాడి మొహం ముడుచుకుపోయింది.

"వెళ్ళిపోయిందా?" అన్నాడు.

"వెళ్ళింది నాన్నా."

"మనం డబ్బులివ్వలేదనా?"

వెంటనే దొరసాని అందుకుంది. మీతో పూటంతా మాట్లాడకుండా, గది తలుపు సందులోంచి చూస్తూ కూర్చుందే, అదే. "కాదురా మొద్దూ. బస్సు టైమైందని వెళ్ళింది. ఇవాళ మామ్మకి జీతం లేదుగా. జీతం లేకుండానే వచ్చింది. నువ్వు చూళ్ళేదా?" అంది. అంటూనే గదిలోకి పారిపోయి తలుపేసుకుంది. చాలాసేపు ఏడుపు వినబడింది. ఆ సైరను మీకు తెలుసు. నేను తలుపు కొట్టలేదు. మర్నాడు ఏమీ ఎరగనట్టు స్వెట్టరు వేసుకుని బడికి పోయింది. చేతులు నిజంగానే పొట్టివయ్యాయి, ఇంకోటి అల్లాలి. ఉన్ని ఖర్చు నాది. అల్లినందుకు ఏమిస్తే మీరు ఒప్పుకుంటారో నాకు తెలీదు, మీరే చెప్పండి. నాకింకా ఈ లెక్కలు అర్థం కాలేదు. కాకపోయినా గడుస్తోంది.

గుమ్మడి మాత్రం వారమంతా ఆలోచించాడు. చెప్పులు సర్దుతూ ఆలోచించాడు, అన్నం నోట్లో పెట్టుకుని ఆలోచించాడు. మా ఎవరికీ ఒక్క బిళ్ళ రాలేదు, మేమూ అడగలేదు. ఆదివారం వేలిముద్ర వేసి జీతం తీసుకుని, పిడికిలి బిగించి నా దగ్గరికి వచ్చాడు. "వీటితో నాకే ఏదైనా కొనుక్కోవచ్చా?" అన్నాడు. నీ డబ్బులు, నీ ఇష్టం అన్నాను. మా ఆయన చెయ్యి పట్టుకుని వీధి చివర కొట్టుకి వెళ్ళాడు. ఉన్నదంతా పెట్టి ఒక ఎర్ర ప్లాస్టిక్ బూర కొనుక్కొచ్చాడు. దాచుకోవడం గురించి ఆయన నేర్పిందంతా గాలికి పోయింది. ఆయనే ముఖం వేలాడేసుకుని వెనకాల వస్తున్నారు.

పిన్నిగారూ, ఆ బూర మోత భరించలేం. పొద్దున్నుంచీ ఊదుతూనే ఉన్నాడు. పై వాటావాళ్ళు నేల మీద కర్రతో కొట్టారు. దొరసాని చెవుల్లో మేజోళ్ళు కుక్కుకుంది. ఇందాక నాకు తల పగిలిపోయి, ఈ ఉత్తరం వదిలేసి లేచి, "ఆపరా! ఆపకపోతే విరిచి పారేస్తాను!" అని ఇల్లదిరేలా అరిచాను. అరిచాక, వాడు మళ్ళీ నాకోసం బిళ్ళలు వెతుక్కుంటాడేమోనని భయమేసింది. వాడు బూర నోట్లోంచి తీసి నా మొహంలోకి చూశాడు. తీరిగ్గా చూశాడు. తర్వాత పళ్ళన్నీ బయటపెట్టి నవ్వి, ఊపిరి నిండా పీల్చుకుని, ఇంకా గట్టిగా ఊదాడు.

మీ
అమ్మాయి